నూకాలు కూర్చోవలసిన చోటు

అనగనగా, బళ్ళకు నోరుండి, మనుషులకు వినే తీరిక లేని కాలంలో, దీపాలకొండ కింద ఒక ఊరు ఉండేది నాయనలారా.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. పెళ్ళయిన ఏడాదిలోపు కొత్త జంట కొండ ఎక్కాలి. పైన డేరా వేసుకుని మూడు రోజులు ఉండాలి. మూడోనాడు సంధ్యవేళ, ఊట పక్కనున్న రాతిమీద, ఇద్దరూ నాలుగు చేతులూ కలిపి ఒకే ఒక్క దీపం వెలిగించాలి. ఆ దీపాన్ని కొండతల్లి చూస్తుంది. ఒంటరిగా వెలిగిస్తే చూడదు. ఏడాది దాటితే అసలే చూడదు.

ఆ ఊరికి ఒక మర్యాద కూడా ఉంది. అత్తవారు ఇచ్చినదాన్ని అల్లుడు వద్దనకూడదు. అల్లుడు చేసినదాన్ని అత్తవారు తప్పనకూడదు.

ఆ ఊరి అల్లుడు జోగినాథం. పొరుగూరివాడు, మంచివాడు. ఎవరి మనసూ నొప్పించడు. అతని భార్య నూకాలు. మాటలు తక్కువ పిల్ల. పుట్టినప్పటినుంచీ ఆ కొండను కిందనుంచే చూసింది. పైనుంచి తన ఊరు ఎలా ఉంటుందో చూడాలని, కొండతల్లికి తన చేత్తో దీపం పెట్టాలని ఆమెకు ఎంతో ఆశ.

ఆ ఏడు వానలు విడవలేదు. వాన తెరిపిచ్చి కొండదారి తెరుచుకునేసరికి, ఏడాది నిండడానికి ఇంక నాలుగే రోజులు మిగిలాయి.

జోగినాథానికి ఒక నల్లని మోటారు సైకిలు ఉండేది. ముసలిది, ఓపికగలది. ఆ పొద్దున్నే వాకిట్లో దాన్ని నిలబెట్టి సామాను కట్టాడు. డేరా గుడ్డ, గుంజలు, చాప, రెండు దుప్పట్లు, చిన్న పొయ్యి, మందుల సంచి, దీపపు ప్రమిద. అన్నీ కట్టాక వెనక సీటు మీద ఒక మనిషి కూర్చునే చోటు మిగిలింది. నూకాలు తల దువ్వుకుని, జడలో బంతిపువ్వు పెట్టుకుని గడపలో నిలబడింది.

అప్పుడు అత్తగారు బంగారమ్మ ఇత్తడి బిందె నిండా నీళ్ళు తెచ్చింది.

"అల్లుడుగారూ, కొండ నీళ్ళు మీకు పడతాయో పడవో. మన నూతి నీళ్ళు తీసుకెళ్ళండి."

"అమ్మా, పైన ఊట ఉందిగా" అంది నూకాలు.

"నువ్వుండవే. అల్లుడి ముందు ఏమిటా మాటలు?"

జోగినాథం బిందెను ఎడమవైపు కట్టాడు. బండి మూలిగింది. "బాబూ, పిల్ల కూర్చునే చోటు చూసుకో" అంది.

తరువాత మామగారు అప్పలస్వామి దూదిపరుపు చుట్టి భుజాన వేసుకొచ్చాడు.

"నేలమీద పడుకుంటే మా అల్లుడికి నడుం పట్టేస్తుంది. ఇది మెత్తన."

పరుపు సగం సీటు మింగేసింది. బండి మళ్ళీ మూలిగింది. "బాబూ, బరువంతా వెనక్కి పోతోంది. ముందు చక్రం నేలను సరిగా ముట్టడం లేదు" అంది.

చివరికి బావమరిది ముత్యాలు మడతమంచం ఎత్తుకొచ్చాడు. ముత్యాలు సంతకు బళ్ళు కట్టేవాడు. బరువు ఎక్కడుండాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"ఏం బావా, ఇది ప్రయాణమా, కాపురం ఎత్తేస్తున్నావా?"

"మీవాళ్ళే కదా ఇచ్చింది. నీ చేతిలో అదేమిటి మరి?"

"నేనొక్కణ్ణీ ఏమీ ఇవ్వకపోతే మా అక్క జన్మంతా దెప్పుతుంది బావా."

"నేనెప్పుడు అడిగాన్రా నీ మంచం?" అంది నూకాలు.

అందరూ నవ్వారు. మంచాన్ని పరుపు మీద అడ్డంగా వేసి తాడు బిగించాడు జోగినాథం. రెండు పక్కలా మంచంకోళ్ళు మూరెడేసి బయటికి వచ్చాయి. ముత్యాలు చూశాడు. ఇది తప్పు అని అతనికి తెలిసింది. నోరు తెరిచాడు. తల్లి కళ్ళెర్రజేసింది. నోరు మూసుకున్నాడు.

"బాబూ, ఇంక పిల్లకు చోటు లేదు" అంది బండి.

అందరూ సీటు వంక చూశారు. అంగుళం జాగా లేదు. ఒక్కటైనా విప్పుదామంటే, ఎవరిది విప్పాలి? అత్తగారిదా, మామగారిదా, బావమరిదిదా?

జోగినాథం ఆలోచించి అన్నాడు, "నేను ముందు సామాను తీసుకెళ్ళి డేరా వేసి వస్తాను. అన్నం వేళకు వచ్చి నూకాల్ని తీసుకెళ్తాను."

"అల్లుడికి ఎంత తెలివి!" అంది బంగారమ్మ.

నూకాలు దగ్గరకు వచ్చి నెమ్మదిగా అంది, "నాకు పరుపు వద్దు, మంచం వద్దు. నేను నీతో వస్తాను."

"మీవాళ్ళు చిన్నబుచ్చుకోరూ? అన్నం వేళకు వచ్చేస్తాగా."

ఆమె వెనక్కి జరిగి దారి ఇచ్చింది. బండి వెళ్ళిపోయింది.

కొండకు మూడు మలుపులు. మొదటి మలుపులో మంచు పట్టుకుంది. పరుపు మంచును తాగి తాగి బరువెక్కింది.

"దీన్ని ఇక్కడ దింపు బాబూ" అంది బండి.

"మామగారి పరుపు దారిలో పారేస్తే నా మొహం ఎలా చూపించను?"

రెండో మలుపులో బిందె ఊగింది. నీళ్ళు ఒక పక్కకు ఒరిగి, బండినీ ఆ పక్కకే లాగాయి.

"నీళ్ళైనా పారబొయ్యి బాబూ. పైన నీళ్ళున్నాయి."

"అత్తగారు తన చేత్తో తోడి ఇచ్చింది. ఎలా పారబొయ్యను?"

మూడో మలుపు ఇరుకైనది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. "బాబూ, మంచం" అని బండి అంటుండగానే మంచంకోడు రాతికి తగిలింది. బండి గిర్రున తిరిగి పడింది. జోగినాథం కుడికాలు దానికింద నలిగింది. బండిమీద పరుపు, పరుపుమీద మంచం. ఎంత గింజుకున్నా కాలు రాలేదు.

మంచు కురుస్తోంది. దుప్పట్లు పరుపు కింద ఉన్నాయి. మందుల సంచి దుప్పట్ల కింద ఉంది. నోరెండిపోతోంది. పక్కకు ఒరిగిన బిందెలో ఇంకా సగం నీళ్ళున్నాయి, చేతికి జానెడు దూరంలో. అన్నీ తెచ్చుకున్నాడు. ఏదీ అందలేదు.

అరిచాడు. కొండ అతని అరుపునే అతనికి తిరిగిచ్చింది.

"నన్ను లేపవే" అని బండిని బతిమాలాడు.

"మోయడమే నాకు తెలుసు బాబూ. లేపడానికి చేతులు కావాలి. ఆ చేతులున్న మనిషిని ఇంట్లో వదిలి వచ్చాం" అంది బండి. దాని గొంతులో కోపం లేదు. అదే అతణ్ణి ఏడిపించింది.

ఇంటి దగ్గర అన్నం వేళ అయింది. ఆకు వేశారు. జోగినాథం రాలేదు.

"వెళ్ళి చూద్దాం" అంది నూకాలు.

"ఇప్పుడే వెతుక్కుంటూ పోతే, నాకు చేతకాదనుకున్నారా అని అల్లుడు నొచ్చుకుంటాడు" అంది తల్లి.

నీడ గోడ దిగింది. "ఇప్పుడైనా వెళ్దాం" అంది నూకాలు.

"డేరా వేయడం మాటలా? ఇంకాసేపు చూద్దాం" అన్నాడు తండ్రి.

కొండదారి వైపు ముత్యాలు పదే పదే చూస్తున్నాడు. అక్క అతని వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు.

ఆమె మూడోసారి ఎవరినీ అడగలేదు. కట్టుకున్న చీరతో, ఉత్త కాళ్ళతో, కొండదారి పట్టింది.

మూడో మలుపు చేరేసరికి వెలుగు పలచబడుతోంది. అతని పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆమె ఏడవలేదు, అరవలేదు. బండిని పట్టుకుని లేపబోయింది. కదల్లేదు.

"ముందు నా వీపుమీదవి దించు తల్లీ" అంది బండి.

తడిసిన ముళ్ళు ఇనుములా బిగుసుకున్నాయి. గోళ్ళతో రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. చిగుళ్ళు తెగి నోరంతా నెత్తురైంది. మొదట మంచం ఊడింది. దాన్ని లోయలోకి తోసింది. తరువాత నీళ్ళు తాగిన పరుపు. అది మనిషంత బరువుంది. దొర్లించి తోసింది. తరువాత బిందె దగ్గరకు వచ్చింది.

జోగినాథం అంత బాధలోనూ కళ్ళు తెరిచి అన్నాడు, "బిందె జాగ్రత్త నూకాలూ. మీ అమ్మ ఇచ్చింది."

ఆమె అతని మొహంలోకి చూసింది. దోసిలితో రెండుసార్లు నీళ్ళు తాగించింది. ఆ తరువాత బిందెను కాలితో తన్నింది. అది రాళ్ళమీద మోగుతూ మోగుతూ చాలాసేపు కిందికి పోయింది.

డేరా పోయింది, పొయ్యి పోయింది. అప్పుడు బండి లేచింది, కాలు బయటపడింది.

విప్పిన తాడుతో భర్తను తన నడుముకు కట్టుకుని, తాను ముందు కూర్చుంది. బండి నడపడం ఆమెకు రాదు. "ఊరికే పట్టుకో తల్లీ, దారి నాకు తెలుసు" అంది బండి. చప్పుడు లేకుండా, మెల్లగా, ఇద్దరినీ కిందికి దించింది.

వైద్యుడు వచ్చి కాలు చూశాడు. మధ్యాహ్నానికే తెచ్చి ఉంటే కాలు నిలిచేది, అన్నాడు. మోకాలి కింద తీసివేయక తప్పలేదు.

మిగిలిన రోజులు అతని మూలుగులోనే గడిచాయి. ఏడాది నిండింది. ఆ సాయంత్రం కొండ వంక చూస్తే రాయి చీకటిగానే ఉంది. ఊట దగ్గరకు చివరి దారి నడకదారి. ఒంటికాలితో ఎవరూ ఎక్కలేరు. నూకాలుకు ఒక్కతిగా ఎక్కాలనిపించలేదు.

బంగారమ్మ కూతురి ఒడిలో తల పెట్టి ఏడ్చింది. "ప్రేమతోనే ఇచ్చామే తల్లీ."

"ప్రేమతోనే ఇచ్చారమ్మా. మర్యాదకోసమే ఆయన పుచ్చుకున్నాడు. నేనూ ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. గట్టిగా చెప్పాల్సింది."

ముత్యాలు జోగినాథం పడుకున్న మంచం పక్కన నేలమీద కూర్చుని అన్నాడు, "నాకు తెలుసు బావా. మంచం అడ్డంగా వేస్తే తగులుతుందని తెలుసు. నోరు మెదపలేదు."

జోగినాథం పైకప్పు వంక చూస్తూ, "చెప్పినా నేను వినేవాణ్ణో కాదో ముత్యాలూ. ఇప్పుడది మనకెవరికీ తెలియదు" అన్నాడు.

నూకాలు లేచి, అతనికి మందు వేళైందని, దీపం తెచ్చి తల దగ్గర పెట్టింది.

అందుకని నాయనలారా, ప్రయాణానికి మూట కట్టేటప్పుడు వస్తువులకన్నా ముందు తోడు వచ్చే మనిషికి చోటుంచాలి. మర్యాదకోసం మింగిన నిజం చివరికి మనవాళ్ళమీదే బరువై పడుతుంది.