స్నానం చేసి వచ్చినవారికి పాలు

చెన్నబసవయ్య స్వామిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు జంకు. ఆయన కోపిష్టి కాదు. కానీ అడిగినదానికి మాటతో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించి పంపేవాడు. ఆ పని ముగించుకొని వచ్చేసరికి, అడిగినవాడికి తన ప్రశ్నను మళ్లీ పైకి అనడానికి నోరు వచ్చేది కాదు. మఠంలో అందరికంటే పెద్ద శిష్యుడైన ఏకాంతయ్యకు ఈ సంగతి తెలియనిది కాదు. తెలిసీ ఒకసారి అడిగాడు.

మఠం కొండ్రాజుపల్లె పక్కన రాతిగుట్ట మీద ఉంది. దానికి ఆవులున్నాయి, నడివేసవిలోనూ ఎండని బోరు ఉంది, భక్తులు పంపే గింజలున్నాయి. పొద్దున పూజ కాగానే ఊరి పిల్లలకు గ్లాసెడు పాలు, దోసెడు అలసంద గుగ్గిళ్లు, ఒక బెల్లం ముక్క పెట్టే ఏర్పాటు ఏకాంతయ్యదే. నియమాలు పెట్టినవాడూ అతనే. పిల్లలు స్నానం చేసి, ఉతికిన గుడ్డలు కట్టుకొని, నుదుట విభూతి పెట్టుకొని, పూజ గంట ఆగేలోపల వాకిట్లో వరుసగా నిలబడాలి. తిండితోపాటు శుచి కూడా అలవడాలని అతని ఉద్దేశం. ఆ ఉద్దేశంలో తప్పు వెతికితే దొరకదు. తడి ఆరని తలలు, తెల్లటి చొక్కాలు, చాచిన చేతులు, ఆ వరుసను చూస్తుంటే పిల్లల కంటే ముందు ఏకాంతయ్యకే కడుపు నిండేది. పండగలకు వచ్చిన పెద్దమనుషులు కూడా ఆ వరుసను చూసి మెచ్చుకొని పోయేవారు.

ఒకరోజు మధ్యాహ్నం గురుశిష్యులిద్దరూ పొరుగూరి నుంచి నడిచి వస్తున్నారు. గుట్ట కింద దారి పక్కన ఒక ఆడపిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని నిలబడి ఉంది. ఆ పిల్ల కాళ్లు చీపురుపుల్లల్లా ఉన్నాయి. చంకలోని వాడి జుట్టు నలుపు పోయి రాగి రంగుకు తిరిగింది. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. స్వామి ఆగి చాలాసేపు చూశాడు.

"ఈ బిడ్డలు మన వాకిటికి రారేం?" అన్నాడు.

"దిగువపేట పిల్లలు స్వామీ. ఆ పేట నుంచి ఎవరూ రారు."

స్వామి మళ్లీ నడక సాగించాడు. గురువు వేసిన ప్రశ్న ఏకాంతయ్యను వదల్లేదు. చివరికి అడిగేశాడు. "స్వామీ, మఠం తలుపు అందరికీ తెరిచే ఉంది. పెట్టే చెయ్యి సిద్ధంగా ఉంది. అయినా రానివారి ఆకలికి పెట్టేవాడు బాధ్యుడవుతాడా?"

స్వామి నడక ఆపకుండానే అన్నాడు. "ఈ పూట మఠంలో నీకు భోజనం లేదు. దిగువపేటలో ఆ పిల్లల ఇంట్లో పడుకో. చెంబు కూడా తీసుకుపోవద్దు. రేపు పొద్దున స్నానం చేసి, పంచె ఉతుక్కొని, గంట ఆగేలోపల వాకిట్లో వచ్చి నిలబడు. పాలు నేను పోస్తాను."

ఇంత తేలిక పని స్వామి ఎన్నడూ చెప్పలేదు. ఏకాంతయ్యకు లోలోపల సంతోషం కూడా కలిగింది. తాను పెట్టిన నియమం ఎవరైనా పాటించగలిగేదేనని రేపటికి రుజువైపోతుంది.

ఏళ్ల తరబడి ఆ పేట పక్క నుంచే నడిచినా, అతను దాని లోపలికి మళ్లడం అదే మొదలు. పిల్లల తల్లి పేరు సుంకులమ్మ. మొగుడు ఇటుకబట్టీల పనికి పోయి ఉన్నాడు. ఆమె కలుపు పనికి పోయి వచ్చి, నడుముకు దోపిన కొంగు ఇంకా దించకముందే మఠం సామి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. పంచలోని మంచం దులిపింది, మళ్లీ దులిపింది. కూతురు మారెక్కను పంపి పక్కింటి నుంచి దుప్పటి తెప్పించింది. పొద్దు గూకాక వాకిలి దగ్గర నిలబడి, తలొంచుకొని అడిగింది. "సంగటి ఉంది సామీ. నంజుకోను ఊరిబిండి ఉంది. మా ఇంట్లో తింటారో తినరో..."

"ఈ రోజు నాకు ఉపవాసం తల్లీ," అన్నాడు ఏకాంతయ్య.

ఆ రోజు ఉపవాసం కాదు. భోజనం లేదని గురువు అన్నాడు గనక తాను చెప్పింది అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాడు. మఠంలో లేదన్నాడే గానీ ఇక్కడ తినవద్దని గురువు అనలేదు. ఆ సంగతి మాత్రం అతను తనకు గుర్తు చేసుకోలేదు. సుంకులమ్మ ఆ మాటను పూర్తిగా నమ్మింది. సామి ఉపవాసముంటే తాము అతని ఎదురుగా తినరాదని పిల్లల్ని లోపలికి పిలుచుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

తెల్లవారగానే లేచి స్నానానికి నీళ్లడిగాడు. సుంకులమ్మ పొయ్యి దగ్గర ఉంది. మారెక్క పుల్లలు ఎగదోస్తూ ఉంది. తల్లి ఒక్క క్షణం మూలనున్న బిందె వంక చూసింది, తర్వాత కూతురి వంక చూసింది. బిందె ఎత్తి తెచ్చి తడిక వెనక పెట్టింది. ఏకాంతయ్య మఠంలో చేసినట్టే చేశాడు. మంత్రం చెప్పుకుంటూ, చెంబు తర్వాత చెంబు తల మీద కుమ్మరించుకున్నాడు. మిగిలిన నీళ్లతో పంచె జాడించి పిండుకున్నాడు. బిందె బోర్లించి ఆఖరి చుక్క కూడా కాళ్ల మీద పోసుకున్నాడు. చల్లగాలికి ఒళ్లు హాయిగా ఉంది. నియమం పాటించడం ఎంతసేపటి పని?

తడిపంచె చుట్టుకొని ఇవతలికి వచ్చేసరికి సుంకులమ్మ పొయ్యిలోంచి మండుతున్న పుల్లలు బయటికి లాగి నేలకేసి ఆర్పుతోంది. పొయ్యి మీది కుండ ఖాళీగా ఉంది.

"అమ్మా, అంబలి?" అంది మారెక్క.

"సామి తానం చేసినాడు కదమ్మా. పొద్దెక్కినాక రెడ్డోళ్ల బాయికాడ మోటరేస్తారు. నీళ్లు తెచ్చి కాస్తా."

తల్లి డబ్బాలోంచి రాగిపిండి తీసి ఇద్దరి అరచేతుల్లో చెరి గుప్పెడు పోసింది. మారెక్క నాలుకతో అద్దుకుంటూ మెల్లగా తింది. చిన్నవాడికి అంత ఓపిక లేదు. ఒక్కసారిగా నోట్లో పోసుకున్నాడు. పొడిపిండి గొంతుకడ్డం పడింది. దగ్గాడు, కళ్లెర్రబడ్డాయి. సుంకులమ్మ వీపు నిమురుతూ ఇంట్లో నలువైపులా చూసింది. చెంబులో నీళ్లు లేవు, ముంతలో లేవు. "ఉండు నాయనా, ఉండు," అంటూ ముంత పట్టుకొని పక్కింటికి పరుగెత్తింది.

ఏకాంతయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. అతని జుట్టులోంచి నీళ్లు కారి భుజాల మీద పడుతున్నాయి. పంచె అంచు నుంచి బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. దగ్గుతూ దగ్గుతూనే పిల్లవాడు ఆ బొట్లను చూశాడు. తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, రెండు చేతులా ఆ తడి అంచు పట్టుకొని, నోట్లో పెట్టుకొని చీకాడు.

ఏకాంతయ్య కదలలేకపోయాడు. పంచె లాక్కోలేడు, వాణ్ణి ఎత్తుకోలేడు. రెండడుగుల ఎత్తున ఆ రాగిరంగు తల, ఆ చీకుతున్న చప్పుడు, అంతే అతనికి తెలిసింది.

సుంకులమ్మ ముంతతో వచ్చి, చూసి, అదిరిపడింది. వాణ్ణి లాగి వీపున ఒకటి చరిచింది. "సామి గుడ్డ మైల చేస్తివి కదరా!" అని, ఏకాంతయ్య వైపు తిరిగి చేతులు జోడించింది. "తప్పైంది సామీ. మళ్లీ తానం చెయ్యాలంటే నీళ్లు గూడా లేవు. పసోడు, తెలీలే వానికి."

ఏకాంతయ్య అడిగాడు. "నీళ్లు లేవని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అడిగింది మీరు కదా సామీ. లేదని ఎట్ల చెప్తాను?" ఆమె పిల్లవాడికి నీళ్లు తాపుతూ, ఫిర్యాదులా కాకుండా ఊరికే అంది. "అప్పుడొకసారి వీళ్లని మీ వాకిటికి పిల్చుకొచ్చినా. మొగాలు కడిగి తెచ్చినా. ఒళ్లు గూడా కడిగి తెమ్మంటిరి. సరేనని మళ్లుకొచ్చినాము."

అలా అన్నది తానేనని ఏకాంతయ్యకు తెలుసు. ఆ వాకిట్లో ఆ మాట అనేవాడు తానొక్కడే. ఏ రోజున అన్నాడో జ్ఞాపకం చేసుకోబోయాడు. ఎంత తడుముకున్నా ఆమె ముఖం గుర్తు రాలేదు. అలా మళ్లించిన ముఖాలు ఎన్నో ఉన్నాయి మరి.

గుట్ట మీద గంట మొదలైంది. అతను ఖాళీ బిందె భుజాన పెట్టుకొని, ఆమె వద్దువద్దంటున్నా వినకుండా బయలుదేరాడు. గుట్ట ఎక్కేసరికి గంట ఆగి చాలాసేపైంది. పిల్లలు తాగేసి వెళ్లిపోయారు. స్వామి పాలగిన్నె పక్కన ఒంటరిగా కూర్చొని ఉన్నాడు.

"స్నానమైందా?"

"అయింది స్వామీ."

"పంచె ఉతుక్కున్నావా?"

"ఉతుక్కున్నాను."

"అయితే గ్లాసు పట్టు," అని స్వామి పాలు పోశాడు. ఏకాంతయ్య గ్లాసు అందుకున్నాడు. నిన్నటి నుంచి అతని కడుపులో ఏమీ లేదు. అయినా నోటి దగ్గరికి తీసుకుపోలేకపోయాడు.

"నేను స్నానం చేసింది ఆ బిడ్డల అంబలి నీళ్లతో స్వామీ," అన్నాడు. "ఇన్నాళ్లూ తమరు చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట అనలేదేం?"

స్వామి ముఖంలో మొదటిసారి నొప్పి కనబడింది. "చూస్తూనే ఉన్నానా? నాకూ నిన్ననే కనబడింది. ఆ గంట కొట్టింది నేనే కదా ఇన్నాళ్లూ." లేచి, పాలగిన్నె మీద మూత పెట్టి, ఏకాంతయ్య తెచ్చిన బిందె తానే తీసుకుపోయి బోరు కింద పెట్టాడు.

పట్టపగలు ఊరి నడివీధి గుండా గురువు పాలగిన్నెతో, శిష్యుడు నీళ్లబిందెతో దిగువపేటకు పోతుంటే జనం అరుగుల మీద నుంచి లేచి చూశారు. ఆ మర్నాటి నుంచి పాలూ గుగ్గిళ్లూ తల్లులు పనికి పోకముందే పేటలోకి చేరాయి. కొన్నాళ్లకు మఠం బోరు నుంచి పేట దాకా గొట్టం వేశారు. మఠం వాకిట్లో కూడా ఇక స్నానం మాట ఎవరూ ఎత్తలేదు. నీళ్లు వచ్చాక పేట పిల్లలే కుళాయి కింద దూరి ఒకరి మీద ఒకరు చల్లుకునేవారు. వాకిట్లో మురికి పిల్లల వరుస చూడలేక ఒకరిద్దరు పెద్దమనుషులు మఠానికి రావడం మానుకున్నారు. ఏడాది తిరిగేసరికి చిన్నవాడి తలలో నల్లవెంట్రుకలు కనిపించాయి.

అయినా ఏకాంతయ్యకు నిమ్మళం లేదు. అతను కనబడ్డప్పుడల్లా సుంకులమ్మ చేతులు జోడించి, "ఆనాడు మావోడు మీ గుడ్డ మైల చేసినాడు సామీ, మనసులో పెట్టుకోవద్దండి," అంటూనే ఉంది. తప్పు తనదని అతను చెప్పబోతే ఆమె భయపడిపోయేది. క్షమించమని అడగడానికి ఆమె చోటివ్వలేదు. ఒకనాడు ఆమె ఇంట్లో సంగటి అడిగి తిన్నాడు. ఆ ముద్ద కూడా మింగుడుపడలేదు. ఆమె మాత్రం ఆ రోజంతా సంబరపడింది.

ఒక సాయంత్రం అతను గురువు పాదాల దగ్గర కూర్చొని అడిగాడు. "స్వామీ, చెయ్యగలిగిందంతా చేశాను. ఈ సిగ్గు మాత్రం నన్ను వదలడం లేదు. దీనికేం చెయ్యమంటారు?"

ఆసారి స్వామి ఏ పనీ పురమాయించలేదు. శిష్యుడి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచి అన్నాడు.

"దాన్ని మాత్రం కడుక్కోవద్దు నాయనా."