దురద పెట్టిన తీర్పు

ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలు అనే రాజు ఉండేవాడు. తన రాజ్యం చాలా పెద్దదని ఆయనే చెప్పుకునేవాడు. ఆయన గుర్రం మాత్రం పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం మేత పొరుగు రాజ్యంలో మేసేది.

ఆయన ఒకసారి ఏనుగు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఏనుగు అప్పటికి పడుకునే ఉందని కొందరంటారు. మనకెందుకు. వైద్యుడు కోటగోడ మీద పాకిన నల్లేరు నూరి కట్టు కట్టాడు. వంటవాళ్ళు దాన్నే పచ్చడి చేసి పెట్టారు. ఎముక అతుక్కుంది. దాంతో రాజుగారు, కోట నల్లేరు రాజుల ఎముకల కోసమే పుట్టిందనీ, ఇంకెవరు తుంచినా రాజ్యం వదిలిపోవాలనీ చాటింపు వేయించాడు.

ఎండకు వాడినా వానకు మళ్ళీ చిగిర్చే ఆ తీగ ఊళ్ళో ప్రతి కంచె మీదా ఉంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొలువు అందరికీ కావాలి కదా.

కొన్నాళ్ళకు బండి తోలే చిట్టెన్న జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య గవరమ్మ గంపలో నల్లేరు తీసుకుపోతుంటే భటులు పట్టి సభకు తెచ్చారు. తన కంచెదేనని ఆమె, కోటదేనని వాళ్ళు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మంత్రి శేషయ్య ఒక తీగను తలకిందులుగా పెట్టి కూడా చూశాడు. అప్పుడూ అలాగే ఉంది.

"నన్ను వెళ్ళగొడితే మంచాన పడ్డ మనిషికి గంజి ఎవరు పోస్తారు బాబూ?" అంది గవరమ్మ.

రాజు తికమకపడ్డాడు. నల్లేరు ముట్టుకుంటే దురదని వైద్యుడు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "కోట నల్లేరు తుంచిన చెయ్యి దురద పెట్టి తీరుతుంది. అదే సాక్ష్యం."

కొలువులో పేరన్న అనే చమత్కారి ఉన్నాడు. "ఎవరి చెయ్యైనా సరేనా ప్రభూ?" అని అడిగాడు.

"ఎవరిదైనా. నా న్యాయానికి మొహమాటం లేదు."

"అయితే ముందు ఇది కోటదో కాదో తేలాలి. కోట నల్లేరు రాజసంగా విరుగుతుందంటారు. అది తమ చేతికే తెలియాలి."

రాజు ఒక కణుపు విరిచి, రాజసంగానే విరిగిందన్నాడు. రాజుకు తెలిసింది తనకు తెలియకపోతే బాగుండదని మంత్రి రెండు విరిచాడు. సేనాపతి గుప్పెడు విరిచాడు. పాపం, ఆయనకు యుద్ధం చేసే అవకాశం ఎన్నడూ రాలేదు. ముగ్గురూ అది కోటదేనని తేల్చారు. పేరన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి రాజుగారి చెయ్యి శాలువా కిందికి పోయింది. మంత్రి అరచేతిని స్తంభానికి రాస్తున్నాడు. సేనాపతి కత్తిపిడితో గోక్కుంటున్నాడు. గవరమ్మ మాత్రం కదలకుండా నిలబడింది. నల్లేరు కోసేముందు చేతికి నూనె రాసుకోవాలని వంటింటి గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. ఈ ముగ్గురూ తొక్కలేదు.

ఎవర్ని పట్టుకోవాలో తోచక భటులు ఒకరినొకరు పట్టుకున్నారు.

"ప్రభూ, తమ తీర్పు ప్రకారం ఈ నల్లేరు తుంచినవాళ్ళలో దొంగ కానిది గవరమ్మ ఒక్కతే" అన్నాడు పేరన్న. "సింహాసనం ఆమెకు అప్పగించి తమరు బయలుదేరండి. మధ్యాహ్నానికి పొలిమేర దాటేయొచ్చు."

రాజు తెల్లబోయాడు. గోక్కున్నాడు. చివరికి పడీపడీ నవ్వాడు. చాటింపు రద్దుచేసి గంప గవరమ్మకు ఇప్పించాడు. చింతపండు పులుసు రాసుకోండి బాబూ అని చెప్పి ఆమె ఇంటిదారి పట్టింది.

రాజు తన జరీ శాలువా తీసి పేరన్నకు అందించాడు. పేరన్న చేతులు వెనక నుంచి తియ్యలేదు.

"మహాప్రసాదం ప్రభూ. ముందు కాస్త నూనె ఇప్పించండి."