అచ్చియ్యమ్మ చేతి కట్టు

"యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి కదా సార్! నా రిజల్టు ఎందుకు ఆపారు? సహానుభూతిలో నాకేం తక్కువైంది?"

మా క్లాసు హిమజ అడిగిన తీరుకి నాకే ఒళ్ళు మండింది. మా పైడిరాజు మాస్టారు చెప్పులేసుకుని "పద" అన్నారు. వెనకాలే నేనూ వెళ్ళాను.

మా సైకాలజీ ప్రాక్టికల్స్‌లో సహానుభూతి పరీక్షకి ఏటా ఒకరు బాధితురాలి వేషం వెయ్యాలి. కాలేజీ క్యాంటీన్లో గిన్నెలు తోమే అచ్చియ్యమ్మే ఆరేళ్ళుగా వేస్తోంది. మొగుడు కొట్టే ఇల్లాలి కథ మాస్టారు రాసిస్తే, ఆమె అప్పజెబుతుంది. ఎదురుగా ఒక్కొక్కరమే కూర్చుని మేం వినాలి. కళ్ళలోకి చూస్తే రెండు మార్కులు, తలూపితే రెండు, "మీ బాధ నాకర్థమైంది" అంటే ఐదు. సిగ్గుమాలిన లెక్క! ఆయనకి మేం కనబడి, మాకు ఆయన కనబడని అద్దం వెనక కూర్చుని, వింటూ మాస్టారే మార్కులు వేస్తారు.

ఈ ఏడు ఆమె చేతికి కట్టుతో వచ్చింది. ముప్పై మందిమి విన్నాం, ముప్పై మందిమీ తలూపాం.

క్యాంటీన్ వెనక కుళాయి దగ్గర అచ్చియ్యమ్మ ఒంటిచేత్తో పళ్ళాలు కడుగుతోంది.

"ఆ కట్టేమిటో అడుగు," అన్నారు మాస్టారు.

హిమజ తెల్లబోయింది. "అది వేషం కోసం కాదా సార్? చాలా సహజంగా ఉందని రికార్డులో రాశాను కూడా."

అచ్చియ్యమ్మ చేతిలో పళ్ళాన్ని విసిరికొట్టింది. "సహజంగానా? పీటతో ఇరగ్గొట్టాడమ్మా నా మొగుడు! ఈసారి సారు రాసిన కథ చెప్పనేలేదు నేను. నా కథే చెప్పా. ఇంటికెలా ఎల్తావని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశా. బెల్లు కొట్టగానే థాంక్యూ అని లేచిపోయారు."

నా మీద నాకే అసహ్యం వేసింది. నావి నలభై ఒకటి.

హిమజ కళ్ళు తుడుచుకుంది. "మరి నాకు అన్ని మార్కులెలా వేశారు సార్?"

మాస్టారు కోపంగా తల కొట్టుకున్నారు. "కథ మారిందని నాకు అద్దం వెనకే తెలిసింది. ఈసారి బాగా నటిస్తోందనుకుని మీ తలలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చి తిట్టింది. అందుకే అందరి రిజల్టూ ఆపాను."

ఆయన వాచీ చూసుకున్నారు.

"నాలుగున్నరయింది. ఐదింటికి ఈమె ఆ ఇంటికే వెళ్ళాలి. వేరే దారి చూడ్డానికి నీకూ నాకూ ఉన్నది అరగంట."