ఓబులమ్మ పెట్టిన గుర్తు

చెలమ తోడే చిన్నదానా, చేతులెందుకే ఎర్రన?
ఇసక తోడి, ఇసక తోడి, ఎర్రనాయెనే అక్కా.
కడవ నిండిన చిన్నదానా, కళ్లెందుకే ఎర్రన?

ఇక్కడి వరకే వస్తుంది నాకు. దీనికో జవాబుంది. ఉందని గట్టిగా తెలుసు. ఎంత తడుముకున్నా నోటికి రాదు.

ఇది ఇద్దరు పాడే పాట. అడిగేది అక్క, చెప్పేది చెల్లెలు. నేను అక్కను కాబట్టి ఎప్పుడూ అడిగేదాన్నే. జవాబులన్నీ మా ఓబులమ్మవి.

మా ఊరి ఏరు ఏడాదిలో పది నెలలు ఉత్త ఇసకే. కడవలు తీసుకుపోయి మోకాటి లోతు గుంట తోడితే అడుగున నీళ్లు ఊరేవి. దాన్నే చెలమ అంటాం. ఓబులమ్మ నాకంటే మూడేళ్లు చిన్నది, కాళ్లు మాత్రం నాకంటే చురుకు. ఎప్పుడూ ముందు ఉరికేది. ముందు పోయిన పిల్ల వెనక వచ్చేవాళ్ల కోసం గట్టు మీద గుర్తు పెట్టిపోవాలి, అది మా ఆడపిల్లల కట్టుబాటు. నీళ్లుంటే ఒక సున్న చుట్టి, నడుమ వేలితో పొడిచేది. ఊట తగ్గితే ఉత్త సున్న. చెలమ ఎండిపోతే సున్నకు అడ్డంగా ఒక గీత.

గీత కనపడితే అందరూ కడవలు తిప్పుకొని ఇంటిదారి పట్టేవాళ్లు. నేను మాత్రం దిగేదాన్ని. అక్కడ ఓబులమ్మ ఒక్కతే కూర్చుని ఉండేది కదా. ఇద్దరం కలిసి ఇంకో జానెడు తోడితే, ఒక్కోసారి ఊరేది.

దానికి పదహారో ఏట పెళ్లయి కొండల అవతలి ఊరికి పోయింది. మూడేళ్లలో మూడు కార్డులు వచ్చాయి. దానికీ చదువు లేదు, ఆ ఊళ్లో ఎవరి చేతో రాయించేది. ఇక్కడ నాకూ రాదు. పోస్టు తెచ్చే ఆయన సైకిలు మీద నుంచే ఒక కాలు నేలకు ఆనించి చదివేవాడు. "అందరూ క్షేమమంటమ్మా" అని కార్డు చేతిలో పెట్టి పోయేవాడు. మూడోది వచ్చిన నెలన్నరకు మనిషి వచ్చాడు. జ్వరమన్నాడు. మేము చేరేసరికి అంతా అయిపోయింది.

అప్పటి నుంచీ నాకు ఒకటే అనుమానం. ఆ పోస్టాయన తొందరలో ఏదో మాట మింగేసి ఉంటాడని. ఓబులమ్మ నాకేదో చెప్పింది, అది నాకు చేరలేదని.

మూడు కార్డులూ ఒక రేకు డబ్బాలో పెట్టుకున్నాను. పిల్లలు, పొలం, ముసలివాళ్లు, చావులు, పురుళ్లు. నలభై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. అరవై దాటినాక, ఒక రోజు ధైర్యం చేసి దస్తగిరమ్మ దగ్గరకు పోయాను.

దస్తగిరమ్మ ఏటి గట్టున దర్గాలో దీపం పెట్టే మనిషి. దూదేకులవాళ్లు. వాళ్ల నాయన చదువుకున్నాయన, కూతురికీ చెప్పాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఊళ్లో పెద్ద పెద్దోళ్లు కూడా మనసు బాగలేకపోతే ఆమె అరుగు మీద కూర్చుని వచ్చేవాళ్లు. ఆమె వాళ్లకు ఏం చెప్పేదో ఎవరూ చెప్పరు. నాకు తెలిసి ఏమీ చెప్పేది కాదు.

"అక్కా, నాకు అక్షరాలు నేర్పు," అన్నాను.

"ఏమే సుంకమ్మా, ఎలక్షన్లో నిలబడతావా?"

"కాదక్కా. మా చెల్లెలి కార్డులు చదువుకోవాల."

ఆమె నవ్వు ఆపింది. "రేపు పొద్దు పొడిచేటప్పటికి ఏటికి రా. పలక తేవద్దు," అంది.

అట్లా మొదలైంది మా నడక. రోజూ తెల్లవారే ఏట్లో దిగి ఆ చివరి దాకా పోయి వచ్చేవాళ్లం. చేతికర్రతో ఇసకలో ఒక అక్షరం గీసేది. నేను వేలితో దిద్దేదాన్ని. అందరికీ 'అ'తో మొదలవుతుందట. నాకు 'ఓ'తో మొదలుపెట్టింది. పొద్దెక్కి గాలి తోలితే అన్నీ పూడిపోయేవి. మర్నాడు మళ్లీ.

తిరిగి గట్టెక్కేటప్పుడు ఒకటే అడిగేది. "ఏం చూస్తివి?"

మొదట్లో నాకేం చెప్పాలో తెలిసేది కాదు. "ఏముందక్కా, ఇసకేగా" అన్నాను. ఆమె కర్రతో ఒక అడుగుజాడ చూపించింది.

"ఇది ఎవురిది?"

"ఎవరో ఆడమనిషిది."

"పోతా ఉందా, వస్తా ఉందా, అది కాదు నేనడిగేది. బరువుతో ఉందా, ఖాళీగా ఉందా?"

వంగి చూశాను. మడమ లోతుగా దిగి ఉంది. "బరువుతో."

"నెత్తిన బరువా, కడుపున బరువా?"

ఎంతసేపు చూశానో. జాడలు రెండూ ఎడంగా, కొంచెం పక్కలకు పడి ఉన్నాయి. "కడుపుతో ఉంది," అన్నాను. ఆమె "ఊఁ" అని ముందుకు నడిచింది.

అట్లా నెల తిరిగేసరికి ఏరంతా నాకు కనపడసాగింది. తీతువు గుడ్లు గులకరాళ్ల నడుమ ఎట్లా ఉంటాయో, కుంటి మేక ఏ కాలు ఈడుస్తుందో, రాత్రి ఎవరు ఏడుస్తూ కూర్చున్నారో. కూర్చున్న చోట ఇసకను వేళ్లతో గీరి ఉంటారు కదా, అట్లా.

ఏడాదిన్నరకు అక్షరాలన్నీ వచ్చాయి. ఒత్తులు కూడా వచ్చాయి. ఇక నన్ను పట్టడానికి లేదు. గోడలన్నీ చదివేదాన్ని. సున్నం డబ్బా మీది రాత, బస్సు నుదుటి మీది రాత, మా మనవడి చొక్కా కాలరు లోపలి రాత. నా కోడలు తల పట్టుకునేది. "అత్తా, ఆ సబ్బు కాగితాన్ని ఇంకెన్నిసార్లు చదువుతావ్?" అనేది.

ఒక పొద్దున గట్టెక్కుతుంటే దస్తగిరమ్మ అడిగింది. "ఏం చూస్తివి?"

"బడి గోడ మీద కొత్తగా రాసినారక్కా, 'పరిసరాల పరిశుభ్రత' అని. వంతెన కింద 'ఈత నిషేధము' అని. నీళ్లే లేవు, ఈతంట!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మన పక్కనుంచి ఇప్పుడొక మనిషి పోయినాది. చూస్తివా?"

చూడలేదు. వెనక్కి తిరిగితే వంతెన దాటుతూ ఎవరిదో వీపు కనిపించింది.

ఆ మధ్యాహ్నమే డబ్బా తీశాను. ఇంక వచ్చేసింది కదా చదువు, ఇంకెన్నాళ్లు దాచుకోవాలి అనుకున్నాను. తలుపు దగ్గరకు వేసుకుని, వెలుగు పడేచోట కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. 'ఇక్కడ అందరమూ క్షేమము. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.' రెండోదీ అంతే. మూడోదీ అంతే. మూడోదాంట్లో 'వానలు లేవు' అని ఒక మాట ఎక్కువ.

ఆయన ఏమీ మింగలేదు. ఉన్నదే చదివాడు పాపం.

మర్నాడు ఏట్లో దస్తగిరమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమె మీద ఎందుకో. ఎవరి మీద పడాలో తెలియక.

"ఏమీ లేదక్కా! ఏమీ చెప్పలేదు నాకు. నలభై ఏండ్లు దాచుకుంటి, దీనికోసమా? అక్షరం అక్షరం చదివినా, ఒక్కటి కూడా ఇడవలేదు."

ఆమె చెయ్యి చాపింది. కొంగున కట్టుకొచ్చిన కార్డులు అందులో పెట్టాను. అప్పటికే ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. అందుకే కార్డులను చూడబోలేదు. వెనక్కి తిప్పి, దూది ఏకిన ఆ వేళ్లతో మెల్లగా తడమసాగింది. పై నుంచి కిందికి, ఈ చివర నుంచి ఆ చివరకు. మూడోదాని మూల దగ్గర వేలు ఆగింది. మళ్లీ అక్కడే తడిమింది.

"ఇదెవురు గీసిరే?"

"ఏది?"

"ఇంత వత్తి గీసినారే. రాయను వచ్చినోళ్లు ఇంత వత్తరు."

తీసుకుని చూశాను. నేను దాన్ని ఎన్నోసార్లు చూశాను. చదువు రానప్పుడు అది కూడా ఒక అక్షరమే అనుకున్నాను. చదువు వచ్చినాక, అక్షరం కాదు కదా అని వదిలేశాను.

దస్తగిరమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఇసకలో కూలబడింది. వేలితో ఒక సున్న చుట్టింది. నా చెయ్యి పట్టుకుని లాగి ఆ సున్న పక్కన పెట్టింది. "నాకు కనపడదు. మిగిలింది నువ్వు గీయి."

మొదటి కార్డు చూశాను. సున్న నడుమ పొడుపు. చుక్క.

రెండోది చూశాను. ఉత్త సున్న.

మూడోది చూసి వేలు ఇసకలో ఆనించాను. సున్నకు అడ్డంగా సగం గీశాను. మిగతా సగం గీయడానికి చెయ్యి రాలేదు.

ఊళ్లో కొళాయిలు వచ్చి ఎన్నేళ్లయిందో. చెలమ తోడేవాళ్లు లేరు. గుర్తు పెట్టేవాళ్లు లేరు. ఆ కట్టుబాటే మర్చిపోయాను నేను. ఓబులమ్మ మర్చిపోలేదు. రాయించిన ప్రతిసారీ ఆ రాసేవాళ్ల చేతిలో కలం అడిగి తీసుకుని ఉంటుంది. వాళ్లు నవ్వి ఉంటారు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. దస్తగిరమ్మ నా పక్కనే కూర్చుంది. ఎండ ఎక్కింది. ఆ రోజు గట్టెక్కేటప్పుడు "ఏం చూస్తివి" అని అడగలేదు.

ఆ చలికాలానికి ఆమె మంచం పట్టింది. నేనొక్కదాన్నే ఏటికి పోయి, వస్తూ వస్తూ ఆమె దగ్గర కూర్చుని చూసిందంతా చెప్పేదాన్ని. కొంగలు ఎన్ని దిగాయో, ఇసక తవ్వుకుపోయే బండ్లు ఎంత దూరం వచ్చాయో, ఎవరి జాడలు ఎటు పోయాయో. కళ్లు మూసుకుని వినేది. ఒక్కోసారి "ఎడమ కాలా, కుడి కాలా?" అని అడిగేది. అంటే వింటోందన్నమాట.

చివరి పొద్దున ఆమె కోడలు గంజి తాగించబోతే వద్దని తల తిప్పింది. నేను మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చెప్పడానికి వచ్చింది వేరు, నోట వచ్చింది వేరు.

"అక్కా, ఒక్కటి చెప్పు. ఆ గీత చూస్తే ఊరంతా వెనక్కి పోయేది. నేను మాత్రం దిగేదాన్ని. అది దానికి తెలుసు. మరి ఓబులమ్మ నన్ను రావద్దని గీసిందా? రమ్మని గీసిందా?"

ఆమె పెదవులు కదిలాయి.

"ఆ చెలమ పాట పాడు."

పాడాను. చేతులెందుకే ఎర్రన. ఇసక తోడి, ఇసక తోడి. కళ్లెందుకే ఎర్రన. అక్కడికి వచ్చి ఆగిపోయాను, ఎప్పటిలాగే.

"నాకు జవాబు రాదక్కా," అన్నాను.

ఆమె వేళ్లు నా చెయ్యి వెతుక్కుని, కార్డును తడిమినట్టే మెల్లగా తడిమాయి.

"జవాబు నీ చెల్లెలిదే. నీ వంతు అడిగేది. అడుగుతా ఉండు."