గాలివానలో పెరిగిన భక్తి

కనకాద్రి అని ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడ మనిషి గొప్పతనాన్ని డేరా ఎత్తును బట్టి కొలిచేవారు. రాజుగారు ఊరు దాటి విడిది చేస్తే ఆయన డేరా అందరికంటే ఎత్తుగా లేవాలి. మంత్రిగారిది దానికంటే మూరెడు తక్కువ, సేనాపతిగారిది ఇంకో మూరెడు తక్కువ. ఎండాకాలమైనా వానాకాలమైనా అదే వరస.

రాజు విజయధ్వజులవారు చెడ్డవారేమీ కారు. చేతికి ఎముక లేని దాత. కాకపోతే తన తల ఎంత ఎత్తున ఉందోనన్న ధ్యాస ఆయన్ని క్షణం కూడా వదిలేది కాదు.

ఆయన కొలువులో డేరాలు కుట్టే మేస్త్రి ఈరప్ప. నలభై ఏళ్ళుగా అదే పని. అంతకుముందు వేసవిలో అతను వేసిన డేరాకు రెండు కప్పులు, వాటి మధ్య జానెడు ఖాళీ, నాలుగు పక్కలా ఎత్తి కట్టే తెరలు. మిట్టమధ్యాహ్నం కూడా రాజుగారు అందులో హాయిగా కునుకు తీశారు. ఎంత పనిమంతుడో!

శ్రావణమాసంలో పొరుగురాజుతో సంధి మాట్లాడడానికి రాజుగారు సరిహద్దు కొండల మీదికి ప్రయాణం కట్టారు. ఈసారి ఈరప్ప దళసరి నూలుగుడ్డతో ఓ పొట్టి డేరా కుట్టి, రెండుసార్లు తడిపి ఆరబెట్టి, సభ ముందు నిలబెట్టాడు.

"ఇదేమిటి, కోళ్ళగూడా?" అన్నారు రాజుగారు.

"మహాప్రభూ, కొండగాలి ఎత్తుగా ఉన్నదాన్ని పడగొట్టందే ఊరుకోదు. ఇది నేలను కరుచుకుని ఉంటుంది. తడిపి ఆరబెట్టాను కనక పోగులు ఉబ్బి సందులు మూసుకున్నాయి, చుక్క దిగదు. చిన్నది కాబట్టి వెచ్చగానూ ఉంటుంది. గుమ్మం దగ్గర మాత్రం కాస్త వంగాలి."

ఆ చివరి మాట అనకపోయినా బాగుండేది పాపం.

"వంగాలా?" రాజుగారి మీసం అదిరింది. "ఈ తల శత్రువుకే వంగలేదు, గాలికీ వానకీ వంగుతుందా? నా పట్టు డేరా కట్టించండి. ఇతన్ని కూడా వెంట తీసుకురండి, నిజమైన డేరా ఎలా నిలుస్తుందో కళ్ళారా చూడనీ. తిరిగి రాగానే ఆలుబిడ్డలతో రాజ్యం విడిచి పోవాలి!"

ఈరప్పకు ఇల్లు కళ్ళముందు మెదిలింది. మంచం దిగలేని ముసలితల్లి, నలుగురు పిల్లలు. కనకాద్రి పొలిమేర దాటి ఎరగని సంసారాన్ని నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాడు?

అప్పుడు సభలోంచి ముద్దన లేచాడు. బక్కమనిషి, కొలువులో అందరికంటే చమత్కారి.

"ప్రభూ, ఒక్క సందేహం. ఒకవేళ గాలివానకు ఓర్వలేక తమరే వంగి ఈ డేరాలోకి వస్తే?"

"ఏమోయ్, తమాషాగా ఉందా? అదే జరిగితే ఇతని శిక్ష రద్దు. ఆనాటి నుంచి డేరాల విషయంలో ఇతని మాటే నా మాట!"

"సభ వింది ప్రభూ," అంటూ ముద్దన కూర్చున్నాడు.

కొండమీద పట్టు డేరా మూడు నిలువుల ఎత్తున లేచింది. పైన బంగారు కలశం. ఈరప్ప వెంట తెచ్చుకున్న పొట్టి డేరా ఒక మూల మూటగా పడి ఉంది.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజు ఎక్కడికి వెళ్ళినా ఇలవేల్పు వేణుగోపాలస్వామి చిన్న విగ్రహం పెట్టెలో వెంట రావాలి. ఉదయం అర్చకులవారు పెట్టె తెచ్చి, స్వామిని పీట మీద ఉంచి పూజ చేయించి, మళ్ళీ పెట్టెలో పెట్టి తన విడిదికి తీసుకుపోవాలి.

ముద్దన రాజుగారి దగ్గరికి వెళ్ళాడు. "ప్రభూ, తమ డేరాలో గాలికి దీపం నిలవడం లేదు. పూజలో దీపం కొండెక్కితే అపశకునం. ఆ పొట్టి డేరాలో పూజ పెట్టించమంటారా?"

"స్వామి కోసమైతే సరే," అన్నారు రాజుగారు. "దేవుడి ముందు వంగితే నామోషీ ఏముంది?"

ఈ మాట విని ఈరప్ప లబోదిబోమన్నాడు. "అయ్యగారూ, ఎంత పని చేశారు! ఇక ఆయన వంగినా దేవుడి కోసమే అంటారు. నా కొంప మునిగింది గదా!"

"నువ్వు మేకులు గట్టిగా దిగ్గొట్టు ఈరప్పా. మిగతాది స్వామి చూసుకుంటాడు," అన్నాడు ముద్దన.

మొదటిరోజు ఆకాశం తెరిపిగా ఉంది. రాజుగారు వంగి లోపలికి వెళ్ళి, హారతి కళ్ళకద్దుకుని, చిటికెలో బయటికి వచ్చేశారు.

రెండోరోజు చలిగాలి, సన్నటి జల్లు. పూజ అయ్యాక రాజుగారు కదలలేదు. "అష్టోత్తరం ఇంకోసారి చదవండి," అన్నారు. తర్వాత సహస్రం అన్నారు. అర్చకులవారి గొంతు జీరబోయింది.

మూడోరోజు తెల్లవారింది మొదలు గాలివాన. తడిసిన తాళ్ళు బిగుసుకుపోయి పట్టు డేరా మేకుల్ని ఒకటొకటే పీకేస్తున్నాయి. కప్పులో నీళ్ళు బిందెడేసి నిలిచి వేలాడుతున్నాయి. రాజుగారు విసుగెత్తి రాజదండంతో కప్పును ఒక్క పోటు పొడిచారు. నీళ్ళన్నీ కిరీటం మీదే పడ్డాయి.

మరుక్షణం ఆయన గబగబా నడిచి, నడుము దాకా వంగి, పొట్టి డేరాలో దూరారు. తల తుడుచుకుని పీట ముందు పద్మాసనం వేసి కళ్ళు మూసుకున్నారు. లోపల చుక్క నీరు లేదు. పూజకని ముందే వెలిగించిన దీపం నిలకడగా వెలుగుతోంది.

ఒక జాము గడిచింది. రాజుగారు కళ్ళు తెరవలేదు. బయట పట్టు డేరా పెళపెళమని కూలింది. అయినా తెరవలేదు.

అప్పుడు ముద్దన, ఈరప్ప, అర్చకులవారు తడిసి ముద్దై గుమ్మం ముందుకు వచ్చారు.

"ప్రభూ, క్షమించాలి," అన్నాడు ముద్దన. "పూజ ఇంకా మొదలు కాలేదు."

"భక్తుడి ధ్యానం పాడు చేస్తావేమోయ్!"

"ధ్యానం ఎవరి మీద ప్రభూ? నేనే అర్చకులవారిని ఆపాను. స్వామి ఇంకా వారి చేతిలో పెట్టెలోనే ఉన్నాడు."

రాజుగారు చటుక్కున కళ్ళు తెరిచారు. ఎదురుగా పీట ఉంది. పీట మీద ఏమీ లేదు.

"స్వామి ఇక్కడ లేడు," అన్నాడు ముద్దన చేతులు జోడించి. "మరి గుమ్మం దగ్గర వంగిన ఆ తల ఎవరికి వంగింది మహాప్రభూ?"

ఈరప్ప రాజుగారి మొహం వంకే చూశాడు. తన సంసారమంతా ఆ ఒక్క జవాబులో ఉంది.

రాజుగారు పీట వంక చూశారు, కూలిన పట్టు డేరా వంక చూశారు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వేశారు. "వానకే వంగిందోయ్, వానకే!" అంటూ నవ్వు పట్టలేక చెయ్యి పైకెత్తారు.

"కప్పు ముట్టుకోకండి ప్రభూ!" ఈరప్ప తనను తాను మరిచి అరిచాడు. "తడిసిన గుడ్డను లోపల్నుంచి తాకితే అక్కడే కారుతుంది!"

రాజుగారు ఠక్కున చెయ్యి దించి బుద్ధిగా ఒళ్ళో పెట్టుకున్నారు. "నీ మాటే నా మాట," అన్నారు.

శిక్ష రద్దయింది. ఆనాటి నుంచి కనకాద్రిలో డేరాను హోదా చూసి కాక ఆకాశం చూసి వేయసాగారు. రాజుగారు అక్కడికక్కడే తన చేతి కంకణం తీసి ఈరప్పకు తొడిగారు. ఈరప్ప దాన్ని చూసుకోకముందే ముద్దన వైపు తిరిగి దండం పెట్టాడు. అంతటి బుర్ర ఆ బక్క ఒంట్లో ఎలా ఇమిడిందోనని బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

"నీకేం కావాలి ముద్దనా? అడుగు, ఏదైనా ఇస్తాను," అన్నారు రాజుగారు.

ముద్దన పళ్ళు టకటకలాడుతుండగా అన్నాడు: "ప్రస్తుతానికి కాస్త జరిగి కూర్చుంటే చాలు ప్రభూ. మేం ముగ్గురం ఇంకా వానలోనే ఉన్నాం."