ఆగకూడని కారు

ఒకానొక ఊళ్ళో ప్రెసిడెంటు వీరభద్రరావుకి కొత్త డీజిల్ కారుండేది. ఇంటికీ పంచాయతీ ఆఫీసుకీ మధ్య రెండు వీధుల్లోనే దాన్ని దర్జాగా తిప్పేవాడు. మజ్జిగమ్మే నూకాలమ్మ మోకాళ్ళ నొప్పితో, పట్నం ఆసుపత్రిదాకా ఎక్కించుకోమని అడిగితే, "ఇదేమన్నా సంతబండా?" అని కసిరాడు.

ఒకరోజు కారులో స్టీరింగు ముందు పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. మెకానిక్ వచ్చి చూశాడు.

"వీధుల్లోనే తిప్పితే పొగగొట్టం జల్లెడలో మసి పేరుకుపోద్దండీ. పట్నం రోడ్డు మీద జోరుగా పోనివ్వండి. ఆ వేడికి మసి దానంతటదే కాలిపోద్ది. మధ్యలో ఆపారో, మళ్ళీ మొదటికొస్తది."

వాకిట్లో మజ్జిగ పోస్తున్న నూకాలమ్మ అంతా విని, చప్పుడు చెయ్యకుండా వెనకసీట్లో నక్కింది. ప్రెసిడెంటు చూసుకోకుండా బయల్దేరాడు.

కారు జోరందుకున్నాక ఆవిడ మెల్లిగా లేచి కూర్చుంది.

"దిగవే ముందు!" అని అరిచాడాయన.

"దిగుతాను బాబూ, ఆపండి మరి."

ఆయన కాలు బ్రేకుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పళ్ళు నూరుకుంటూ పట్నందాకా తోలాడు. ఆసుపత్రి దగ్గర కారాపేసరికి దీపం ఆరిపోయింది.

నూకాలమ్మ దిగి దణ్ణం పెట్టింది.

"ఇకముందు కూడా కారుని వీధుల్లోనే తిప్పండి బాబూ. మోకాళ్ళ వైద్యం ఒక్కసారితో అయ్యేది కాదంట!"