రోములో బావగారి జోళ్ళు

1983వ సంవత్సరం, దసరా వెళ్ళి చలి ఇంకా మొదలుకాని రోజులు. చీరాలలో సాయంత్రాలు వేదాంతం చెప్పే రామబ్రహ్మంగారిని నేతపని చేసే వీరభద్రం ఒక సందేహం అడిగాడు. జపానికి కూర్చుంటే మనసు మగ్గం దగ్గరికి పోతోందట. మగ్గాన్ని ఎవరూ ఎత్తుకుపోరని తెలిసినా పోతోందట. రామబ్రహ్మంగారు ఎవరడిగినా తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. సెలవుల్లో విదేశయాత్ర చేసి వచ్చిన శంభులింగం మాస్టారి సంగతి ఎత్తుకున్నారు.

శంభులింగం హైస్కూల్లో చరిత్ర చెబుతాడు. రోములో ఉన్న పాత గుండ్రటి గుడి బొమ్మ ఏటా నల్లబల్ల మీద గీసేవాడు. ఇప్పుడది చర్చి. దాని కప్పు నడిమధ్య ఆకాశం కనబడేలా పెద్ద ఖాళీ ఉంది. వాన కురిస్తే నీళ్ళెటు పోతాయని పిల్లలు అడిగినప్పుడల్లా ఆయన నీళ్ళు నమిలేవాడు. ఈసారి కళ్ళారా చూసి చెబుతానని మాటిచ్చి, పొలం అమ్మిన డబ్బుతో బయలుదేరాడు. కాళ్ళకు బావగారిని అడిగి తెచ్చుకున్న గోధుమరంగు తోలుజోళ్ళు.

"నా జోళ్ళు భద్రం బావా. రోముదేముంది, రెండు వేల ఏళ్ళనించి అక్కడే ఉంది" అని బావగారు మరీ మరీ చెప్పి పంపాడు.

గుడి దగ్గర బస్సు గంటసేపే ఆగుతుందన్నారు. అదృష్టం కొద్దీ వాన పడుతోంది. శంభులింగం గడపలో జోళ్ళు విప్పాడు. ఇక్కడెవరూ విప్పడం లేదు మాస్టారూ అని తోటి యాత్రికురాలు సుభద్రమ్మగారు అంది. దేవుడున్న చోటికి జోళ్ళతో రానన్నాడు. పోనీ చేత్తో పట్టుకు రమ్మంటే, అది ఇంకా అపచారమన్నాడు. ఒక స్తంభం వెనక వాటిని దాచి లోపలికి నడిచాడు.

లోపల కప్పులోంచి వాన ధారగా దిగుతోంది. జనమంతా తలెత్తి చూస్తున్నారు. శంభులింగం మాత్రం బయటికి పోయేవాళ్ళ కాళ్ళు చూస్తున్నాడు. గోధుమరంగు జోళ్ళ పెద్దమనిషి ఒకాయన కదిలితే గుమ్మందాకా వెంటపడ్డాడు. అవి ఆ పెద్దమనిషి సొంతవే. వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఎవరో కదిలారు, మళ్ళీ వెళ్ళాడు. ఇంతలో బస్సువాళ్ళు పిలిచారు. జోళ్ళు పెట్టినచోటే ఉన్నాయి.

ఇంకోసారి వెళ్ళడానికి ఆయనకు పొలం లేదు.

వీరభద్రం, "మరి ఆ నీళ్ళు ఎటు పోతున్నాయట స్వామీ?" అన్నాడు.

"నేనూ అదే అడిగాను. జోళ్ళు చూపించాడు" అన్నారు రామబ్రహ్మంగారు.